సికిల్ సెల్: ఒక్క అక్షరం తప్పు, ఒక్క సెకను గడువు

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ మొదలైంది. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు ఇది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలి, 2047 నాటికి జబ్బును రూపుమాపాలి అన్నది లక్ష్యం. ఆ 17లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో పరీక్ష చేయించుకుని కార్డు అందుకున్నవారికి సహజంగా రెండు సందేహాలు వస్తాయి. క్యారియర్ అని రాస్తే రోగి కిందే లెక్కా? రక్తంలో ఉన్న లోపం తుంటి ఎముకనూ, కిడ్నీనూ ఎలా పాడుచేస్తుంది? రెండింటికీ జవాబు దొరకాలంటే నూట ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1904 చివర్లో షికాగోలో వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే యువకుడు దగ్గు, జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. కరేబియన్ దీవి గ్రెనడా నుంచి దంతవైద్యం చదువుకోవడానికి వచ్చినవాడు. ఇంటర్న్‌గా ఉన్న ఎర్నెస్ట్ ఐరన్స్ అతని రక్తాన్ని మైక్రోస్కోపులో చూస్తే, గుండ్రటి కణాల మధ్య సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగినవి కొన్ని కనిపించాయి. ఐరన్స్‌కు పైడాక్టరైన జేమ్స్ హెరిక్ ఆ కేసును 1910లో ప్రచురించారు. పాశ్చాత్య వైద్య పత్రికల్లో ఈ జబ్బుకు తొలి వర్ణన అదే. నోయెల్ మాత్రం చదువు ముగించి, సొంత దీవికి వెళ్లి ప్రాక్టీసు పెట్టుకుని, 1916లో 32 ఏళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు.

1922లో వెర్న్ మేసన్ దీనికి సికిల్ సెల్ ఎనీమియా అని పేరు పెట్టారు. 1927లో హాన్, గిలెస్పీ అనే ఇద్దరు ఆక్సిజన్ తగ్గిస్తే కణాలు వంగుతున్నాయనీ, ఆక్సిజన్ తగిలితే మళ్లీ మామూలుగా అవుతున్నాయనీ గమనించారు. అప్పటికీ లోపం కణంలో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అసలు మలుపు 1949లో. కాలిఫోర్నియాలో లైనస్ పాలింగ్ బృందంలోని హార్వే ఇటానో, ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పరీక్షించారు. రోగుల హిమోగ్లోబిన్‌నూ ఆరోగ్యవంతుల హిమోగ్లోబిన్‌నూ విద్యుత్ క్షేత్రంలో పరిగెత్తించి చూశారు. రెండూ వేర్వేరు వేగంతో కదిలాయి. క్యారియర్ల రక్తంలోనేమో రెండు రకాలూ కలిసే ఉన్నాయి. కార్డు మీది మొదటి సందేహానికి జవాబు ఆ రోజే తేలిపోయింది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క లోపపు జన్యువు వస్తే మంచి హిమోగ్లోబిన్ కూడా తయారవుతూనే ఉంటుంది కనుక కణం మామూలుగా వంగదు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఒక అణువులో తేడాయే జబ్బుకు మూలమని ప్రయోగంతో నిలబడ్డ మొదటి సందర్భం ఇది.

ఆ తేడా ఎంత చిన్నదో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ 1956, 57ల్లో చూపించారు. హిమోగ్లోబిన్‌ను ఎంజైముతో సుమారు ముప్ఫై ముక్కలు చేసి, కాగితం మీద ఒక్కో ముక్కా ఒక్కో మచ్చగా పడేలా విడదీశారు. మామూలు కాగితాన్నీ రోగి కాగితాన్నీ పక్కపక్కన పెడితే ఒక్క మచ్చ మాత్రమే జరిగి ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు 146 అమైనో ఆమ్లాల వరుస. దాని ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలైన్ ఉంది, అంతే. తర్వాత డీఎన్‌ఏ భాష తెలిశాక అది ఒక్క అక్షరం తేడా అని అర్థమైంది.

గ్లుటామిక్ ఆమ్లం నీటికి దగ్గర, వాలైన్ నీటికి దూరం. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌లో ఈ వాలైన్ పక్క అణువులోని గుంటలో అతుక్కుంటుంది. అలా ఒకదాన్నొకటి పట్టుకుంటూ పొడవాటి పోగులు పెరుగుతాయి. సంచిలో వెదురుకర్రలు కుక్కినట్టు ఆ పోగులు కణం పొరను లోపలి నుంచి పొడుస్తాయి. కొడవలి ఆకారం అలా వస్తుంది. వంగడం, సాగడం పదేపదే జరిగితే పొర దెబ్బతిని, పొటాషియం, నీరు బయటికి పోతాయి. కణం ఎండిపోయి ఇక గుండ్రంగా మారలేకపోతుంది. 120 రోజులు బతకాల్సినది పది, ఇరవై రోజుల్లోనే పగిలిపోతుంది.

అయితే రోగి రక్తంలోని కణాలన్నీ ప్రతి చుట్టులోనూ ఎందుకు వంగిపోవు? ఇది 1970లలో విలియం ఈటన్, జేమ్స్ హోఫ్రిక్టర్ తేల్చిన సంగతి. ఆక్సిజన్ పోయిన వెంటనే పోగులు మొదలవవు, కొంత గడువు ఉంటుంది. సన్నని రక్తనాళాలను దాటడానికి కణానికి పట్టే సమయం సెకను అటూ ఇటూ. గడువులోగా దాటేస్తే ఊపిరితిత్తులకు చేరి ఆక్సిజన్ తెచ్చుకుంటుంది, ఏమీ కాదు. దారిలో ఆలస్యమైతేనే ప్రమాదం. పైగా కణంలో హిమోగ్లోబిన్ గాఢత కొద్దిగా పెరిగినా గడువు ఎన్నో రెట్లు కుదించుకుపోతుంది. ఎండదెబ్బకు ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, చలి తగిలి నాళాలు ముడుచుకున్నా నొప్పులు ఎందుకు మొదలవుతాయో దీన్నిబట్టే తెలుస్తుంది. నా మటుకు ఈ జబ్బు చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చిన విషయం ఇదే.

ఏ అవయవంలో రక్తం నెమ్మదిస్తుందో, ఎక్కడ ఆక్సిజన్ తక్కువో, అక్కడే కణజాలం ముందు దెబ్బతింటుంది. ఎడమ డొక్కలో ఉండే ప్లీహంలో (బల్లలో) ఎర్రకణాలు ఇరుకు సందుల్లోంచి దూరి వెళ్లాలి. కొడవళ్లు అక్కడే ఇరుక్కుంటాయి. పసితనంలో ప్లీహం ఉబ్బుతుంది, తర్వాత రక్తం అందక కొంచెం కొంచెంగా చచ్చి, పీచులాంటి మచ్చగా కుంచించుకుపోతుంది. అది పోతే రక్తంలోని బ్యాక్టీరియాను వడగట్టే కాపలా పోయినట్టే. కిడ్నీ లోపలి పొరలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పు, ఆమ్లం ఎక్కువ. అందుకే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి ముందుగా పోతుంది. క్యారియర్‌లో కూడా కణాలు వంగగల చోటు ఏదైనా ఉందంటే అది ఇదే, అప్పుడప్పుడూ మూత్రంలో రక్తం పడటం అందువల్లే. తొడ ఎముక తలకు రక్తం తెచ్చే దారులు తక్కువ. అవి మూసుకుపోతే ఎముక కణాలు చచ్చి, బంతిలా ఉండాల్సిన తల అణగిపోతుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లు కుంటుతూ నడవడానికి ఇదో ప్రధాన కారణం. మరోవైపు పగిలిపోయిన కణాల లోటు తీర్చడానికి ఎముక మజ్జ విస్తరించి, పైన ఉన్న గట్టి ఎముకను పలచబరుస్తుంది.

రక్తనాళం గోడ కథ వేరు. కణాలు పగిలినప్పుడు బయటపడ్డ హిమోగ్లోబిన్, నాళాన్ని సడలించి ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది. గోడ లోపలి పొర జిగురెక్కి, తెల్లకణాలనూ ఎర్రకణాలనూ పట్టి నిలబెడుతుంది. దారి ఇంకా నెమ్మదిస్తుంది. మెదడుకు వెళ్లే పెద్ద నాళాల్లోనూ లోపలి పొర మందమై దారి సన్నబడుతుంది. చిన్నపిల్లల్లో పక్షవాతం వచ్చేది ఇందుకే.

అణువు సంగతి ఇంత ముందే తెలిసినా మందు రావడానికి దశాబ్దాలు పట్టింది. దారి చూపింది మాత్రం పాత పరిశీలనే. పుట్టిన కొన్ని నెలల వరకు బిడ్డకు ఈ బాధలు ఉండవని గమనించిన జానెట్ వాట్సన్, గర్భస్థ దశ హిమోగ్లోబిన్ కాపాడుతోందని 1948లోనే సూచించారు. ఆ హిమోగ్లోబిన్ పోగుల్లో చేరదు, గడువును పెంచుతుంది. పెద్దయ్యాక కూడా దాన్ని పెంచే హైడ్రాక్సీయూరియా, 299 మంది పెద్దలపై జరిపిన అధ్యయనంలో నొప్పుల దాడులను దాదాపు సగానికి తగ్గించిందని 1995లో తేలింది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి పొందిన, జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్ చికిత్స కూడా లోపపు అక్షరాన్ని దిద్దదు. గర్భస్థ హిమోగ్లోబిన్‌ను మళ్లీ పనిచేయిస్తుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కన 18 కోట్ల రూపాయల పైమాటే.

మన దేశంలో ఈ లోపాన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో లేమన్, కట్‌బుష్ మొదటిసారి గుర్తించారు. రెండేళ్లకు ఆంథనీ అలిసన్, తూర్పు ఆఫ్రికాలో క్యారియర్లకు మలేరియా నుంచి రక్షణ ఉంటోందని చూపారు. శతాబ్దాల పాటు మలేరియా రాజ్యమేలిన మన అడవి ప్రాంతాల్లో ఈ జన్యువు ఎందుకు నిలిచిందో అక్కడే తెలిసిపోయింది. 1986లో ఒడిశా రోగుల అధ్యయనంలో ఇంకో విశేషం బయటపడింది. జమైకా రోగుల కన్నా వీళ్లలో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువ, ప్లీహం కూడా ఎక్కువ ఏళ్లు నిలుస్తోంది. అలాగని ఇక్కడి జబ్బు తేలిక అనేస్తే పొరపాటు. తీవ్రంగా బాధపడేవారు ఇక్కడా ఉన్నారు.

పరీక్షల చరిత్రలో చేదు కూడా ఉంది. 1970ల మొదట్లో అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు పరీక్షను తప్పనిసరి చేశాయి. క్యారియర్‌కూ రోగికీ తేడా చెప్పేవారు లేక నల్లజాతివారు ఉద్యోగాలూ బీమా పోగొట్టుకున్నారు. అక్కడి వైమానిక దళ అకాడమీ 1981 దాకా క్యారియర్లను చేర్చుకోలేదు. గ్రీసులోని ఒర్కొమెనోస్‌లో పరీక్షలు చేసి ఫలితాలు చెబితే, సంబంధాలు చెడతాయని చాలామంది దాచుకున్నారు. మేనరికాలు ఇంకా జరిగే మన దగ్గర ఇది మామూలు విషయం కాదు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకరే క్యారియరై, రెండోవారి హిమోగ్లోబిన్‌లో ఏ లోపమూ లేకపోతే ఆ భయం లేదు. పిల్లనిచ్చే ముందు ఇంట్లో పెద్దలకు విడమరిచి చెప్పాల్సింది ఇదే.

ఇక జబ్బుతో పుట్టిన పిల్లల మాట. 1986లో అమెరికాలో పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇచ్చి చూస్తే న్యుమోకాకస్ బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. జమైకాలో గ్రాహం సర్జెంట్ బృందం ఇంకా సాదా పని చేసింది. ఎడమ డొక్క కింద వేళ్లు పెట్టి ప్లీహం తగులుతోందో లేదో చూడటం తల్లులకు నేర్పింది. రక్తమంతా ఒక్కసారిగా ప్లీహంలో చిక్కుకుపోయే ప్రమాదాన్ని తల్లులే ముందుగా పసిగట్టారు, దానివల్ల చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. ప్లీహం ఉబ్బడాన్నే మన పల్లెల్లో బల్ల పెరగడం అంటారు. ఇక్కడ ప్లీహం ఎక్కువకాలం ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం ఐదారేళ్లతో తీరిపోదు, బడికి వెళ్లే పిల్లల్లోనూ రావచ్చు. బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి, నీరసించి, బల్ల ముందురోజు కన్నా పెద్దగా తగిలితే ఆగకుండా రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.