అడ్రినల్ గడ్డకీ ఒంట్లో కొవ్వుకీ లంకె ఎలా బయటపడింది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కంచిలి, కవిటి, సోంపేట వైపు, కిడ్నీ జబ్బు భయంతో స్కాన్ తీయించుకోవడం మామూలైపోయింది. కిడ్నీల కోసం సీటీ తీస్తే ఒక్కోసారి వాటి పైనుండే అడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ కనిపిస్తుంది. ఇక ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఇలా అనుకోకుండా దొరికే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు, హార్మోన్లూ వదలవు. వదిలేవాటితోనే చిక్కు.

1912లో అమెరికా సర్జన్ హార్వే కుషింగ్ ఒక యువతి గురించి రాశారు. ఒళ్లు విపరీతంగా వచ్చింది, నెలసరి ఆగింది, ఒంటి మీద వెంట్రుకలు పెరిగాయి. 1932లో ఆయన దీనికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథిని కారణంగా చూపారు. అడ్రినల్‌లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను వదిలే గడ్డ ఉన్నా ఇదే రూపం వస్తుంది: కొవ్వంతా ముఖానికీ మెడకీ పొట్టకీ చేరుతుంది, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. 1955లో జెరోమ్ కాన్ మరో రకం గడ్డను వివరించారు. అది ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టెరోన్ హార్మోన్ వదిలి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది.

అప్పట్లో కొవ్వును వట్టి నిల్వ సరుకుగానే చూసేవారు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టాక ఆ లెక్క తారుమారైంది. కొవ్వు కూడా హార్మోన్లు వదిలే అవయవమేనని తేలింది. పొట్ట లోపలి కొవ్వు స్వయంగా కార్టిసాల్ తయారు చేసుకోగలదని 1997లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది 2003 నాటి జర్మన్ ప్రయోగం. అడ్రినల్ క్యాన్సర్ నుంచి పెంచిన కణాలకు మనిషి కొవ్వు కణాల స్రావాలు తగిలిస్తే ఆల్డోస్టెరోన్ బాగా పెరిగింది. లెప్టిన్ నేరుగా ఆ పని చేయగలదని 2015లో ఇంకో బృందం చూపింది. అంటే గ్రంథి కొవ్వును పెంచడమే కాదు, కొవ్వూ గ్రంథిని ఉసిగొల్పుతుంది.

ఇంత తెలిశాక కూడా, లావైన ఆడమనిషి బీపీతో వస్తే "అన్నం తగ్గించమ్మా" అని పంపేయడం అన్యాయం. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలూ ఇదే రూపం తెస్తాయి, కాబట్టి ముందు ఆ మాట అడగాలి. వాటిని డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు. స్కాన్‌లో గడ్డ కనబడితే పరీక్ష పెద్ద కష్టం కాదు: రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకుని, పొద్దున్నే రక్తంలో కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపు ఉంటే గడ్డ కార్టిసాల్ వదలడం లేదన్నట్టే. బీపీ కూడా ఉంటే ఆల్డోస్టెరోన్, రెనిన్ (బీపీని అదుపు చేయడానికి కిడ్నీలు వదిలే పదార్థం) పరీక్షలు అడిగి చేయించుకోవాలి.