సున్నం గోడకు సిమెంటు అతుకు ఎందుకు వేయకూడదు: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

హైదరాబాద్ కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోకి వెళితే ఆరు ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు ఉన్న భవనం కనిపిస్తుంది. అదే బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దీన్ని మొదలుపెట్టించాడు. దూరం నుంచి చూస్తే పాలరాతి కట్టడమనిపిస్తుంది. కాదు, ఆ నునుపంతా సున్నపు గిలాబుది, అంటే గోడ పైపూతది. చాలాకాలం శిథిలమవుతూ ఉన్న ఆ భవనాన్ని పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో ఏళ్ల తరబడి శ్రమపడి బాగుచేశారు.

పాత గోడ పెచ్చులూడితే రెండు బస్తాల సిమెంటు తెచ్చి పూసేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. మీకే కాదు, చాలామంది ఇంజనీర్లకూ అలాగే అనిపిస్తుంది. పాత కట్టడాలకు ఎంతో చేటు చేసింది ఆ ఆలోచనే.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చిందే 1824లో. రెసిడెన్సీ గోడలు లేచేనాటికి అసలు ఆ సరుకే లేదు. అప్పటి ఇటుక మెత్తన, దాన్ని పట్టి ఉంచిన సున్నం ఇంకా మెత్తన. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నంలోని సన్నటి రంధ్రాల గుండా బయటికి ఆరిపోతుంది. ఎండకు కట్టడం కాస్త సాగినా, చలికి ముడుచుకున్నా సున్నం సర్దుకుంటుంది. దానిమీద సిమెంటు పూశారనుకోండి, చెమ్మ బయటికి వచ్చే దారి చాలావరకు మూసుకుపోతుంది. నీళ్లు అతుకు వెనకే చేరి, పక్కలకూ పైకీ పాకుతాయి. వాటితోపాటు కరిగిన ఉప్పు కూడా వెళుతుంది. నీరు ఆరినచోట ఆ ఉప్పు పలుకులుగా గట్టిపడి, ఇటుకను లోపలి నుంచి తోస్తుంది. ఏదైనా పాత గోడ దగ్గరికెళ్లి చూడండి: సిమెంటు అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని అంచు చుట్టూ ఇటుక మాత్రం వేలితో రాస్తే ఎర్రగా పొడి రాలుతుంది. చూసినవాళ్లు "సిమెంటు ఎంత గట్టిదో" అంటారు. ఆ గట్టితనమే జబ్బు.

ఏది సున్నమో ఏది సిమెంటో తేల్చడం సులువే. రాలిపడిన ముక్కను మేకుతో గీయండి. సున్నమైతే తేలిగ్గా పొడి రాలుతుంది. సిమెంటయితే మేకు జారిపోతుంది. గోడను మాత్రం గీయకండి.

ఇక సున్నం తయారీ. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేయాలి, రాయిమీద నీళ్లు పోయకూడదు. వేయగానే నీళ్లు కుతకుతా మరిగి పైకి చిందుతాయి, కంట్లో పడితే చూపు పోవచ్చు. అందుకే అది పెద్దవాళ్ల పని, వాళ్లయినా కళ్లను కాపాడే అద్దాలు, చేతొడుగులు వేసుకుని చేయాల్సిందే. చల్లారాక వడగట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం మూడు నాలుగు వారాలు మాగనివ్వాలి. తొందరపడితే మాగని పలుకులు గోడమీద చేరాక ఉబ్బి, గిలాబులో చిన్న చిన్న గుంటలు పడతాయి.

మాగిన సున్నానికి ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో నూరాలి. తలా ఒక పాలు అన్నది మామూలు లెక్క. అయితే పాత గోడ ముక్కను పరీక్ష చేయించి అందులో ఉన్న పాళ్లనే పట్టుకోవడం మేలు. ఇటుక పొడి, అంటే సుర్ఖీ, కలిపితే తడిలోనూ సున్నం గట్టిపడుతుంది. దానికి తక్కువ మంటలో కాలిన ఇటుక కావాలి, నల్లగా మాడినది పనికిరాదు. ఇసుకను పిడికిట్లో నలిపితే అరచేతికి మట్టి అంటకూడదు. ఉప్పు ఉంటుంది కాబట్టి సముద్రపు ఇసుక వద్దు. కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కూడా పోస్తారు. బెల్లం సున్నాన్ని మెత్తగా కలిసేలా చేస్తుంది. తీపి కదా అని ఎక్కువ పోస్తే మాత్రం గట్టిపడటం బాగా ఆలస్యమవుతుంది.

పూసేముందు గోడను బాగా తడపాలి, లేకపోతే ఎండు ఇటుక సున్నంలోని నీళ్లన్నీ పీల్చేస్తుంది. ఒక్కో పూత 10, 12 మిల్లీమీటర్లకు మించకూడదు. కాస్త గట్టిపడ్డాకే రెండో పూత. తర్వాత వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఎండ తగలకుండా చూడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. దానికి నెలలు పడుతుంది. వారంలో ప్రారంభోత్సవం పెట్టుకున్నవాళ్లు సిమెంటు అడిగేది ఇందుకే. పైన ప్లాస్టిక్ రంగు వేసినా సిమెంటు గతే, వెల్ల వేస్తే చాలు.

ఇంత చేసినా కప్పు కారితే అంతా వృథా. జూన్‌కు ముందే కప్పు మీది వాననీటి గొట్టాల్లోని ఆకులు తీయాలి. గోడ సందులో రెండాకుల రావిమొక్క కనిపిస్తే ఆ రోజే పీకేయాలి. వేళ్లు ఊనాక పీకితే ఇటుకలూ వస్తాయి. అప్పుడు కాండం కోసి, మందు పెట్టి, వేరు పూర్తిగా చచ్చాకే తీసి ఆ సందు సున్నంతో నింపాలి.

మీ ఊళ్లో పాత బడి, గడియార స్తంభం, దివాణం ఏదున్నా మీరు చేయగలిగిన పని ఒకటుంది. గోడలో బీట కనబడితే ఒకే చోటు నుంచి, పక్కన స్కేలు పెట్టి నెలకొక ఫొటో తీయండి, తేదీ రాసుకోండి. పెద్దవాళ్లయితే బీటకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికిస్తారు. అది పగిలితే బీట ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు పూడ్చడం దండగ, ముందు పునాది చూడాలి. ఏడాదైనా పగలకపోతే అది ఎప్పటిదో పాత బీట. సున్నంతో పూడ్చేయవచ్చు.