స్క్విడ్ పడలేదంటే వేటే కారణమా? కొన్ని అపోహలు, వాస్తవాలు

సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం గురించి ఏం చూస్తావురా అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. చేపలు దొరికే చోట్లు మత్స్యకారులకు చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నది మన ప్రగతినగర్ దగ్గరే. నా పని కూడా సముద్రం డేటాతోనే, అందుకే స్క్విడ్ అనే మెత్తని ఒళ్లున్న సముద్ర జీవి గురించి తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఈ ఏడాది స్క్విడ్ పడలేదంటే పోయినేడు ఎక్కువ పట్టేసినట్టే.

అన్నిసార్లూ కాదు. చాలా రకాల స్క్విడ్ బతికేది ఏడాది అటూ ఇటూ, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. చాలా చేపల్లో అయితే ఒక ఏడాది పిల్లలు బతక్కపోయినా మూడేళ్లవీ ఐదేళ్లవీ ఇంకా నీళ్లలో ఉంటాయి కాబట్టి ఆ లోటు వెంటనే తెలియదు. స్క్విడ్‌కి అలాంటి నిల్వ లేదు, గుడ్లు పొదిగే రోజుల్లో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, పిల్లలకు మేత దొరికిందా అన్నదాన్ని బట్టే ఆ ఏడాది పంట. అలాగని వేటను వదిలేయకూడదు, నీళ్లు బాగాలేని ఏడాది మిగిలిన కొన్నిటినీ పట్టేస్తే వచ్చే ఏటికి గుడ్లు పెట్టేవే ఉండవు.

అపోహ: ఎల్‌నినో (పసిఫిక్ సముద్రంలో భూమధ్యరేఖ దగ్గర పైనీళ్లు మామూలుకన్నా వేడెక్కడం) వస్తే స్క్విడ్ పని అయిపోయినట్టే.

1997-98 ఎల్‌నినోకి కాలిఫోర్నియాలో స్క్విడ్ వేట కుప్పకూలింది, లోతు నుంచి పైకి వచ్చే చల్లని నీళ్లు తగ్గి మేత కరువైంది. అదే తీరంలో 2000 నాటికి అప్పటిదాకా ఎన్నడూ లేనంత పడింది! మెక్సికో పక్కన గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియాలో 2009-10 ఎల్‌నినో తర్వాత జరిగింది ఇంకో రకం: అక్కడి జంబో స్క్విడ్ అలవాటైన చోట్లు వదిలి వెళ్లింది, చిన్న సైజులోనే, చిన్న వయసులోనే గుడ్లకు వచ్చేసింది. జీవి బతికింది, కానీ పెద్ద స్క్విడ్ మీద ఆధారపడిన పడవలకు అది నష్టమే, ఈ తేడా నాకు చాలా ముఖ్యం.

అపోహ: సముద్రం వేడెక్కితే స్క్విడ్‌కి లాభమే.

వెచ్చని నీళ్లలో గుడ్లు త్వరగా పొదుగుతాయి, పిల్లలు త్వరగా పెరుగుతాయి, నిజమే. కానీ త్వరగా పెరిగేదానికి తిండీ ఎక్కువే కావాలి, అది దొరక్కపోతే లాభం లేదు.

అపోహ: శాటిలైట్‌లో స్క్విడ్ కనిపిస్తుంది.

కనిపించదు. మాకు కనిపించేవి నీటి పై పొర వేడి, నీళ్లలో తేలే సన్నని మొక్కల పచ్చదనం, ఇలాంటివే. స్క్విడ్ చాలావరకు పగలు లోతుకు దిగి రాత్రి పైకి వస్తుంది. అందుకే రేవులో ఎన్ని కిలోలు పడ్డాయో ఒక్కటే కాకుండా ఏ సైజువి, గుడ్లతో ఉన్నాయా అని కూడా రాసిపెట్టిన లెక్క దొరికితే, మా పటాలకన్నా ముందు నేను దాన్నే చూస్తాను.