బానెట్ కింద గొట్టాల గోల

1980ల మొదట్లో అమెరికాలో అమ్మిన టొయోటా పికప్ ట్రక్కు బానెట్ ఎత్తితే ముందు కనిపించేది ఇంజను కాదు, గొట్టాలు. పెన్సిల్ కన్నా సన్నని నల్ల రబ్బరు గొట్టాలు, గాలిని పెట్రోలును కలిపే కార్బురేటర్ చుట్టూ అల్లుకుని, ఒకదాని కింద ఒకటి దూరి, మూడు దారుల ప్లాస్టిక్ జాయింట్ల దగ్గర చీలి, పక్కన బిగించిన చిన్న చిన్న వాల్వుల్లోకి మాయమవుతాయి. నలభై ఏళ్ల ఇంజను వేడికి ఆ రబ్బరు వేయించిన అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. ఒకటి ఊడదీయబోతే రెండు విరుగుతాయి.

అందుకే పాత ట్రక్కుల వాళ్లలో ‘డీస్మాగ్’ అనే మాట పుట్టింది. పొగ (స్మాగ్) తగ్గించడానికి కంపెనీ పెట్టిన సరంజామా అంతా విప్పేసి, రంధ్రాలకు రేకులు బిగించి, మిగిలిన మూడు నాలుగు గొట్టాలతో బండి నడుపుకోవడమే డీస్మాగ్. రేకులు, గ్యాస్కెట్లు, మూతలు కలిపి కిట్లుగా కూడా అమ్ముతారు. ఇది నేరమని ఒకరు, ఇంజనుకు చేసే మేలని ఇంకొకరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకైతే ఇద్దరూ గొట్టాల మీద లేనిపోని నింద వేస్తున్నారనిపిస్తుంది. బండిలోకి కంప్యూటర్ ఇంకా రాని రోజుల్లో కంప్యూటర్ పని చేయడానికి రబ్బరు పడిన పాట్లే ఆ గొట్టాలు.

కథ 1943 జులై 26న లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. ఆ రోజు నగరాన్ని కమ్మిన పొగకు కళ్లు మండి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కావడంతో జపాన్ విషవాయువు వదిలిందేమోనని కొందరు హడలిపోయారు. కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే అలిసో వీధి ఫ్యాక్టరీ మీద అనుమానం పడింది. ఆ ఫ్యాక్టరీ ఆగినా పొగ ఆగలేదు. అసలు కారణం కనిపెట్టింది కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ కాల్‌టెక్‌లో పనిచేసే డచ్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్. అప్పటిదాకా ఆయన అనాసపండుకు ఆ రుచి, వాసన ఎక్కడి నుంచి వస్తాయో పరిశోధిస్తున్నారు. కార్లు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో ఆయన తేల్చారు. గాలిలో ఓజోన్ ఎంతుందో తెలుసుకోవడానికి అప్పట్లో వంచిన రబ్బరు ముక్కలను బయట పెట్టి, అవి ఎంత త్వరగా పగుళ్లిస్తాయో చూసేవారు. రబ్బరు పగుళ్లతో బయటపడిన రోగానికి చివరికి మందుగా దొరికింది పగిలిపోయే రబ్బరు గొట్టాలే!

మొదటి పరికరం చాలా సాదాది. పిస్టన్ల పక్క నుంచి కిందికి జారే ఆవిర్లను అంతకుముందు నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. వాటిని మళ్లీ ఇంజనులోకే పీల్చి కాల్చేసే పీసీవీ వాల్వు 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలో మొదలైంది. ఒక వాల్వు, ఒక గొట్టం, అంతే. ఎంత కరుడుగట్టిన డీస్మాగ్ ప్రియుడైనా దీని జోలికి పోడు. ఇది ఉంటే ఆయిలు పాడవదు, ఇంజను ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇక్కడి నుంచి చట్టాలు జోరందుకున్నాయి. పొగ గొట్టం నుంచి వచ్చే వాయువులకు కాలిఫోర్నియా 1966 మోడళ్ల నుంచి పరిమితులు పెట్టింది. 1967లో అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్ సంతకంతో ఏర్పడిన రాష్ట్ర వాయు వనరుల మండలికి హాగెన్-స్మిట్టే తొలి అధ్యక్షుడు. కాలుష్య పరికరాలు త్వరగా రాకుండా పెద్ద కార్ల కంపెనీలు తమలో తాము కుమ్మక్కయ్యాయని అమెరికా న్యాయశాఖ 1969లో కేసు వేసింది. అది అదే ఏడాది రాజీ ఒప్పందంతో ముగిసింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ స్వచ్ఛ వాయు చట్టం సవరణల మీద సంతకం పెట్టారు. 1975 మోడళ్ల నాటికి హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్ 90 శాతం తగ్గాలని చట్టం ఆదేశించింది. నైట్రోజన్ ఆక్సైడ్లకు ఇంకో ఏడాది వ్యవధి ఇచ్చింది. ఆ గడువులు తర్వాత వాయిదా పడ్డా, ఇంజనీర్ల మెడ మీది కత్తి మాత్రం కదల్లేదు.

గొట్టాలు ముమ్మరమైంది 1973 తర్వాత, ఈజీఆర్ రాకతో. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోకి పంపితే మంట వేడి తగ్గుతుంది, దానితో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. సూత్రం బాగానే ఉంది కానీ ఆ పొగను ఎప్పుడు పంపాలన్నదే చిక్కు. బండి నిలబడి ఉన్నప్పుడు పంపితే ఇంజను ఆగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పంపితే ఎక్కిళ్లు పెడుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పంపితే బలం పోతుంది. ఈ మూడు సందర్భాలనూ గుర్తించి వాల్వును నడిపించేది ఎవరు? బండిలో మైక్రోప్రాసెసర్ లేదు. ఉన్నదల్లా ఇంజను గాలి పీల్చేటప్పుడు పుట్టే వ్యాక్యూమ్, అంటే లాగే బలం, ఒక్కటే. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే అది ఎక్కువ, పెడల్ అదిమితే తక్కువ. అంటే ఇంజను ఎంత భారం మోస్తోందో అదే చెబుతుంది. నీళ్లు వేడెక్కాకే దారి వదిలే ఉష్ణ వాల్వు ఒకటి, గాలిని మెల్లగా మాత్రమే జారనిచ్చి ఆలస్యం కలిగించే బిళ్ల ఒకటి, కొండలెక్కితే గాలి పలచబడినట్టు గుర్తించే డబ్బా ఒకటి చేరాయి. ఇలా ఒక్కో గొట్టం ఒక్కో షరతు అయింది: నీళ్లు వేడెక్కి ఉంటే, పెడల్ కొద్దిగా తొక్కి ఉంటే, అప్పుడే తెరుచుకో. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే ఇగ్నిషన్ టైమింగ్‌కు, చోక్‌కు, పెట్రోలు ఆవిర్లు దాచే బొగ్గు డబ్బాకు కూడా ఇలాంటి షరతులే. పది పదిహేను షరతులు కలిసేసరికి బానెట్ కింద అడవి మొలిచింది. ఆ అడవికి పటం కూడా కంపెనీయే ఇచ్చింది, బానెట్ లోపల అంటించిన స్టిక్కరు మీద.

ట్రక్కులది కొంత వేరే దారి. తొలి నిబంధనల్లో 6,000 పౌండ్లు, అంటే సుమారు 2,720 కిలోలు దాటిన ట్రక్కులకు పొగలోని విషవాయువులను శుద్ధిచేసే 1975 నాటి కేటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి కాలేదు. ఫోర్డ్ అదే ఏడాది ఆ గీతకు కాస్త పైన ఉండే ట్రక్కును తెచ్చింది, దాని పేరే ఎఫ్-150. కార్లు కన్వర్టర్‌ను పాడుచేసే పాత సీసం పెట్రోలు మానుకుని కన్వర్టర్లు మోస్తుంటే ఆ ట్రక్కు సీసం పెట్రోలుతోనే హాయిగా తిరిగింది. 1978లో డాడ్జ్ తెచ్చిన ‘లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్’ ఇదే సందులోంచి దూరి, నిలువుగా లేచిన రెండు పొగ గొట్టాలతో అప్పటి స్పోర్ట్స్ కార్లను కూడా వెనక్కి నెట్టింది. 1979 మోడళ్లతో గీత 8,500 పౌండ్లకు పెరిగి ఆ సందు మూసుకుపోయింది. టొయోటా వంటి చిన్న పికప్పులకు ఆ వెసులుబాటు మొదటి నుంచీ లేదు. అందుకే 1981 మోడల్‌తో వచ్చిన 2,366 సీసీల 22ఆర్ ఇంజను నాలుగు సిలిండర్లదే అయినా దాని మీది గొట్టాల భారం పెద్ద ఇంజన్లకు తీసిపోదు.

ఇవన్నీ ఇంజను బలాన్ని మింగేశాయన్నది పాత ఫిర్యాదు. అందులో సగమే నిజం. 1970లో 400 హార్స్‌పవర్ అని ప్రకటించిన కాడిలాక్ 500 ఘనపు అంగుళాల ఇంజను 1976లో 190కి పడిపోయింది. అయితే 1972 నుంచి అమెరికన్ కంపెనీలు కొలిచే పద్ధతే మారింది. అంతకుముందు ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సర్ తీసేసి కొలిచేవారు, ఆ తర్వాత అన్నీ బిగించి కొలిచారు. సీసం లేని పెట్రోలుకు సరిపడేలా కంప్రెషన్, అంటే సిలిండర్లో మిశ్రమాన్ని నొక్కే మోతాదు, కూడా తగ్గించారు. ఈ రెండూ పోగా గొట్టాల వాటా ఎంతో వేరుచేసి చెప్పడం కష్టం. కళ్ల ముందు కనిపించేవి అవే కాబట్టి తిట్లన్నీ వాటికే తగిలాయి.

కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో దగ్గర ఒక మిత్రుడి షెడ్డులో 1983 నాటి పికప్‌ను దగ్గరగా చూశాను. బండి నిలబడి ఉంటే ఇంజను వేగం పెరిగి తగ్గుతూ మూలుగుతోంది. పాత యజమాని సగం గొట్టాలు పీకేసి, ఒకదాని నోట్లో గోల్ఫ్ బంతి నిలబెట్టే చిన్న చెక్క మేకు దిగ్గొట్టి వదిలేశాడు. ఇది అక్కడ చాలామంది చేసే పనేనట, ఆ మేకు ఆ గొట్టానికి అచ్చంగా సరిపోతుంది. మిత్రుడు చేతి పంపుతో ఈజీఆర్ వాల్వుకు వ్యాక్యూమ్ ఇవ్వగానే ఇంజను తడబడి ఆగిపోయింది. అంటే వాల్వు బాగానే ఉందన్నమాట. చివరికి దొంగ దొరికింది, వ్యాక్యూమ్‌తో బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ దగ్గర: గొట్టం చివర గోరంత చీలిక. ఆ సందులోంచి జొరబడిన గాలి కార్బురేటర్ లెక్కంతా తప్పించింది. ఊడదీసిన సరంజామాకూ ఈ జబ్బుకూ సంబంధమే లేదు.

చాలా డీస్మాగ్ కథల్లో జరిగేది ఇదేనని నా అనుమానం. పెళుసు గొట్టాలన్నీ తీసేసరికి లీకులు కూడా వాటితో పాటే పోతాయి, బండి సాఫీగా నడుస్తుంది. ఆ పుణ్యం ఈజీఆర్ తీసేసినందుకు దక్కిందనుకుంటారు. అవే గొట్టాలను కొత్తవి వేసి ఉంటే అదే ఫలితం వచ్చేది. పైగా ఈజీఆర్ ఉంటుందని నమ్మి కంపెనీ టైమింగ్ పెట్టింది. వాల్వు తీసి టైమింగ్ సరిచేయకపోతే గుట్టలెక్కేటప్పుడు ఇంజను నాక్ కొడుతుంది, అంటే లోపల టకటకమంటుంది. కన్వర్టర్‌కు గాలి అందించే వాల్వులు తీసేసి కన్వర్టర్‌ను మాత్రం ఉంచితే, ఆక్సిజన్ చాలక అది సరిగా పనిచేయదు.

చట్టం కూడా యజమాని దగ్గరికి మెల్లగానే చేరింది. అమ్మిన తర్వాత పరికరాలు తీసేయకూడదన్న నిషేధం 1970లో తయారీదారులకు, డీలర్లకే పరిమితం. 1977లో మరమ్మతు షాపులు అందులో చేరాయి. తన బండిని తన షెడ్డులో విప్పుకునే సామాన్యుడికీ అది వర్తించింది 1990 సవరణలతోనే. మా నాన్న రోజుల్లో తీసేసేవారు, ఇప్పుడెందుకు తప్పు అని కొందరు అడగడంలో వింతేమీ లేదు.

కాగితం మీది చట్టం ఒకటి, గేటు దగ్గరి తనిఖీ మరొకటి. తనిఖీలే లేని మోంటానాలో ఇలాంటి బండిని ఆపి చూసేవాడుండడు. కాలిఫోర్నియాలో 1984 నుంచి రెండేళ్లకోసారి పొగ తనిఖీ ఉంది. అక్కడ పొగ కొలిస్తే సరిపోదు, బానెట్ ఎత్తి ప్రతి పరికరం దాని చోట ఉందో లేదో కంటితోనూ చూస్తారు. మార్చిన భాగానికి రాష్ట్ర మండలి అనుమతి నంబరు లేకపోతే, పొగ శుభ్రంగా ఉన్నా బండి తప్పినట్టే. ముప్పై ఏళ్లు నిండిన బండ్లకు ఒకప్పుడు మినహాయింపు ఉండేది. 2004 నాటి చట్టంతో అది 1975, అంతకు ముందు మోడళ్ల దగ్గరే ఆగిపోయింది. 22ఆర్ ట్రక్కులన్నీ ఆ గీతకు ఇవతలే ఉన్నాయి. 35 ఏళ్లు దాటిన సేకరణ వాహనాలను వదిలేయాలంటూ టీవీ ప్రముఖుడు జే లెనో పేరు మీద ప్రచారమైన బిల్లు 2025లో రాష్ట్ర సెనేట్ దాటినా, అసెంబ్లీ కమిటీలో ఆగిపోయింది.

మన దేశంలో ఈ ఘట్టం దాదాపు జరగనేలేదు. అంబాసిడర్ బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టి తిప్పేంత ఖాళీ ఉండేది. కన్వర్టర్లు 1995లో ముందు నాలుగు మహానగరాలకే వచ్చాయి, హైదరాబాద్ ఆ జాబితాలో లేదు. 2000 ప్రాంతంలో కఠిన ప్రమాణాలు వచ్చేనాటికి ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. ఉత్త కార్బురేటర్ నుంచి నేరుగా సెన్సర్ల కాలంలోకి దూకాం. అమెరికాలోనూ గొట్టాల అడవిని నరికింది సెన్సర్లే. 1980ల మధ్య నుంచి 22ఆర్‌కు తోడుగా ఇంజెక్షన్ ఉన్న 22ఆర్‌ఈ ట్రక్కుల్లోకి వచ్చింది. రబ్బరు చేసిన పని తీగలు అందుకున్నాయి.

పీకే అలవాటు మాత్రం తీగలకూ పాకింది. డీజిల్ పికప్పుల్లో ఫిల్టర్లు కోసేసి, కంప్యూటర్ ప్రోగ్రాం మార్చేసిన బండ్లు పదేళ్లలో 5.5 లక్షలకు పైగా ఉన్నాయని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. వాటి పక్కన నలభై ఏళ్ల టొయోటా వదిలే పొగ ఏపాటిది?

నిబంధన పాటించేవాడికి ఇంకో తంటా ఉంది. నా మిత్రుడు స్టిక్కరు మీది పటం చూసుకుంటూ గొట్టాలన్నీ కొత్తవి వేశాడు, గోల్ఫ్ మేకు పీకేశాడు. పాత యజమాని పారేసిన, ఈజీఆర్‌కు ఎంత వ్యాక్యూమ్ అందాలో చూసే మాడ్యులేటర్ కొత్తది మాత్రం ఎక్కడా దొరకలేదు. తనిఖీకి ఆరు వారాల గడువుంది. శనివారాలు పాత బండ్ల యార్డుల్లో తిరుగుతూ, తనకన్నా ముందు ఎవరూ విప్పుకెళ్లని 1983 ట్రక్కు కోసం వెతుకుతున్నాడు.