గుమ్మటం లాంటి ఆ టరెట్ ఎవరి కోసం?

జలియన్‌వాలా బాగ్ గురించి చదివేటప్పుడు ఒక వివరం దగ్గర మనం పెద్దగా ఆగం. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ తన వెంట సైనికులనే కాదు, మెషిన్ గన్లు బిగించిన రెండు ఆర్మర్డ్ కార్లను, అంటే ఇనుప కవచం తొడిగిన కార్లను కూడా తీసుకెళ్లాడు. సందు ఇరుకు కావడంతో అవి లోపలికి పోలేక బయటే ఆగాయి. ఆ తర్వాత ఈ కాల్పులపై ప్రభుత్వం వేసిన హంటర్ కమిటీ విచారణలో, కమిటీ సభ్యుడు చిమన్‌లాల్ సెతల్వాడ్ డయ్యర్‌ను సూటిగా అడిగాడు, దారి వెడల్పుగా ఉండి కార్లు లోపలికి వెళ్లగలిగితే ఆ మెషిన్ గన్లతో కాల్చేవాడివా అని. బహుశా కాల్చేవాణ్ణే అన్నాడు డయ్యర్.

ఈ జవాబు తెలిశాక, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బ్రిటన్ తయారు చేసిన ఆర్మర్డ్ కార్ల ఫొటోలను నేను ఇంజిన్ల మీద ఇష్టంతో మాత్రమే చూడలేకపోతున్నాను.

ఈ బండ్లకు అసలు మొదలు 1914లో, మొదటి ప్రపంచ యుద్ధంలో. బ్రిటిష్ నౌకాదళపు విమాన విభాగం వాళ్లు ఫ్రాన్స్, బెల్జియం రోడ్ల మీద తిరగడానికి కార్లకు ఇనుప రేకులు కొట్టించుకున్నారు. అందులోంచే సిల్వర్ ఘోస్ట్ అనే కారు ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉండే కింది చట్రం) మీద కట్టిన రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కారు వచ్చింది. పడమటి రంగంలో కందకాలు తవ్వేసరికి దానికి పని లేకుండా పోయింది గానీ, ఈజిప్టు, అరేబియా ఎడారుల్లో మాత్రం పేరు తెచ్చుకుంది.

యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ ఖజానా ఖాళీ, సామ్రాజ్యమేమో ఇరాక్, పాలస్తీనా దాకా పెరిగి కూర్చుంది. అన్ని చోట్లా పటాలాలు పెట్టి పోషించాలంటే డబ్బెక్కడిది? 1921 మార్చిలో కైరోలో చర్చిల్ జరిపిన సమావేశం ఈ లెక్క తేల్చడానికే. 1922 అక్టోబరులో ఇరాక్ బాధ్యత వైమానిక దళం చేతికి వెళ్లింది, పైనుంచి విమానాలు, కింద రోల్స్ రాయిస్ ఆర్మర్డ్ కార్లు. చవగ్గా అదుపులో పెట్టడం, అంతే విషయం.

మన దేశానికి వచ్చేసరికి రోల్స్ రాయిస్ కూడా ఖరీదైపోయింది. అందుకే 1920లలో క్రాస్లీ కంపెనీ ఛాసిస్ మీద విక్కర్స్ వాళ్లు కట్టిన బండిని తెచ్చారు, దాని పేరే ఇండియా ప్యాటర్న్. ఈ బండిని కాస్త పరిశీలనగా చూడాలి, ఎందుకంటే దాన్ని ఎవరి మీదికి పంపాలనుకున్నారో దాని ఒంటి మీదే రాసి ఉంది. వాయవ్య సరిహద్దు కొండల పైనుంచి పఠాన్లు కాల్చే తూటాలు జారిపోవాలని టరెట్‌ను, అంటే బండి మీద మెషిన్ గన్లుండే పై గూడును, గుమ్మటంలా గుండ్రంగా చేశారు. ఏ వైపు నుంచి జనం వచ్చినా కాల్చేలా ఆ టరెట్ చుట్టూ నాలుగు తుపాకీ కన్నాలు. మన ఎండలకు లోపలి తెల్లవాళ్లు ఉడికిపోకుండా లోపలివైపు వేడిని ఆపే ఆస్బెస్టాస్ పొర. అన్నిటికంటే నన్ను కలచివేసేది, జనం దగ్గరికొచ్చి ముట్టుకుంటే షాక్ కొట్టేలా బండి పైరేకుకు కరెంటు పెట్టే ఏర్పాటు! ఫిరంగులున్న శత్రు సైన్యం మీదికి వెళ్లే బండికి ఇది దేనికి? వట్టి చేతులతో మీదికొచ్చే మనుషులను దృష్టిలో పెట్టుకుంటేనే ఇలాంటి ఆలోచన వస్తుంది.

1930 ఏప్రిల్ 23న పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో ఆర్మర్డ్ కార్లు నిరాయుధుల గుంపులోకి దూసుకెళ్లాయి. కొందరు చక్రాల కింద నలిగారు, జనం ఒక బండికి నిప్పు పెట్టారు, తర్వాత కాల్పుల్లో ఎందరో చనిపోయారు. మనుషులనే కాల్చమంటే మేం కాల్చం అని చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయనతో ఉన్న గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు తిరగబడింది ఈ సందర్భంలోనే, దానికి వాళ్లు ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గారు.

ఇంగ్లండ్‌లో లాంచెస్టర్ అనే ఆరు చక్రాల ఆర్మర్డ్ కారు కూడా తయారైంది. అలాంటివి కొన్ని మలయాకు చేరాయి గానీ, 1941 చివర్లో ట్యాంకులతో దిగిన జపాన్ సైన్యం ముందు ఆ పాతబడిన బండ్లు నిలవలేకపోయాయి.

క్రాస్లీ సంగతి వేరేలా ముగిసింది. 1930ల చివరికి ఇంజిన్లు, ఛాసిస్‌లు అరిగిపోయాయి, కానీ గుమ్మటంతో సహా ఆ పై డబ్బాను మాత్రం పారెయ్యలేదు. ఊడదీసి షెవర్లే ఛాసిస్‌ల మీద బిగించి మళ్లీ రోడ్డెక్కించారు.