మెమరీ కేర్ హోమ్ చూడటానికి వెళ్తున్నారా? నేను రోజూ వినే అపోహలు, చూసే వాస్తవాలు

నేను నర్సుని. 16 ఏళ్ల సర్వీసులో 9 ఏళ్లు హైదరాబాద్‌లో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే మెదడు జబ్బు) ఉన్న పెద్దవాళ్ల మధ్యే గడిచాయి. ఇలాంటి వాళ్లను చూసుకునే చోటునే మెమరీ కేర్ హోమ్ అంటారు. డే షిఫ్టు, నైట్ షిఫ్టు రెండూ చేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చే కుటుంబాలతో మాట్లాడటం కూడా నా పనే. అమెరికా నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చిన కొడుకు, కరీంనగర్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన కూతురు, భర్తను చూసుకుంటూ తనే మంచం పట్టే స్థితికి వచ్చిన డెబ్బై ఏళ్ల ఇల్లాలు... ఎవరొచ్చినా ఇంచుమించు ఇవే మాటలు అంటారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: వయసు పైబడ్డాక మతిమరుపు మామూలే. డాక్టర్‌కి చూపించేదేముంది, మంచి హోమ్ చూసుకుంటే చాలు.

వాస్తవం: పక్కింటావిడ పేరు చప్పున గుర్తు రాకపోవడం వేరు. నలభై ఏళ్లుగా పెడుతున్న పులుసుకి ముందు ఏం వేయాలో తెలియక పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోవడం వేరు. రెండోది జబ్బు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది.

కానీ మతి తప్పినట్టు కనిపించినవన్నీ డిమెన్షియా కావు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ పడిపోయినా, ఎప్పుడో బాత్రూమ్‌లో జారిపడ్డప్పుడు మెదడు మీద రక్తం చేరినా, డిప్రెషన్ ఉన్నా అచ్చం అలాగే ఉంటుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ముఖ్యంగా మార్పు రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా వచ్చిందంటే ముందు హాస్పిటల్‌కే తీసుకెళ్లాలి. ఒకసారి ఒకావిడను సూట్‌కేసుతో సహా మా దగ్గరికి తీసుకొచ్చారు. "వారం కిందటి దాకా బాగానే ఉందండీ, నాలుగు రోజులుగా మమ్మల్నే గుర్తుపట్టట్లేదు" అన్నాడు కొడుకు. ఆ ఒక్క మాటతో చేర్చుకోవడం ఆపేసి రక్తపరీక్షకు పంపించాం. సోడియం బాగా పడిపోయింది. యూరిన్ ఇన్ఫెక్షన్ కూడా ఉంది. వైద్యం అయ్యాక ఆవిడ నేరుగా తన ఇంటికే వెళ్లిపోయింది. డయాగ్నోసిస్ కాగితం అడగకుండానే అడ్వాన్స్ కట్టమనే హోమ్ ఉంటే, నా మాట వినండి, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అపోహ: హోమ్‌లో పెట్టడమంటే కన్నవాళ్లను వదిలేయడమే.

వాస్తవం: ఈ మాట బంధువులు అంటారు, అంతకంటే ఎక్కువగా పిల్లలే తమను తాము అనుకుంటారు. వదిలేయడం అంటే ఏమిటో చట్టంలో ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007 ప్రకారం పెద్దవాళ్లను పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టడం నేరం. మూడు నెలల దాకా జైలు గాని, ఐదు వేల దాకా జరిమానా గాని, రెండూ గాని పడొచ్చు. పక్క మీద మూడుసార్లు తడిసే తండ్రిని ఒంటరిగా లేపలేక, రాత్రి పూట కాపలా ఉండలేక, ఆ పని తెలిసిన మనుషుల చేతికి అప్పగించి వారం వారం వచ్చి చూసుకోవడం దాని కిందికి రాదు.

అలాగని అందరికీ హోమ్ కావాలని కూడా నేను అనను. జబ్బు తొలి దశలో ఉండి, ఇంట్లో మనుషులుండి, రాత్రి నిద్ర పడుతుంటే ఇల్లే మంచిది. కుటుంబాలను నేను మొదట అడిగేది పేషెంట్ గురించి కాదు: "మీ ఇంట్లో రాత్రి నిద్ర లేనిది ఎవరికి?" సాధారణంగా ఆ ప్రశ్నకు అమ్మ గాని కోడలు గాని తల దించుకుంటుంది. ఆవిడ బీపీ ఎంతుందో అప్పుడే చూస్తాను.

అపోహ: వృద్ధాశ్రమం, అసిస్టెడ్ లివింగ్, మెమరీ కేర్ అన్నీ ఒకటే, పేర్లే తేడా.

వాస్తవం: ఒకటి కాదు. వృద్ధాశ్రమంలో భోజనం, గది, తోడు ఉంటాయి. అసిస్టెడ్ లివింగ్‌లో స్నానం, బట్టలు, మందులు, నడక లాంటి వాటికి చేయి అందిస్తారు. మెమరీ కేర్ అంటే దారి తప్పేవారు, తిన్నది మర్చిపోయేవారు, భయపడి చేయి చేసుకునేవారు కూడా ఉండగలిగేలా మనుషులనూ చోటునూ సిద్ధం చేసుకున్నది. బోర్డు మీద రాసినంత మాత్రాన అది అయిపోదు. అందుకే ఒక ప్రశ్న అడగండి: "మా నాన్నగారు రాత్రి రెండింటికి లేచి ఇంటికి వెళ్తానని తలుపు తడితే మీరేం చేస్తారు?" జవాబు చెప్పడానికి మేనేజర్ తడబడితే అక్కడ ఆ పని జరగట్లేదనే అర్థం.

అపోహ: బిల్డింగ్ బాగుంది, గార్డెన్ ఉంది, ఏసీ ఉంది. మంచి హోమ్ అన్నట్టే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. ఆదివారం ఉదయం పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తారు. పెద్దవాళ్లు స్నానాలు చేసి, బొట్టు పెట్టుకుని, హాల్లో కూర్చుని ఉంటారు. ఆ టైమ్‌లో ఏ హోమ్ అయినా బాగానే ఉంటుంది.

మీరు వెళ్లాల్సింది సాయంత్రం అయిదున్నరకి. డిమెన్షియా ఉన్న చాలామందికి పొద్దు వాలేకొద్దీ గాభరా పెరుగుతుంది. ఇంటికి వెళ్లాలంటారు, చీర కొంగు మెలిపెడుతుంటారు, తలుపు దగ్గరే తిరుగుతుంటారు. సరిగ్గా అప్పుడే చాలాచోట్ల డే షిఫ్టు వాళ్లు దిగిపోతుంటారు, మనుషులు తక్కువైపోతారు. ఆ గంటలో హాల్లో లైట్లు వేశారా, టీవీ మోగుతోందా, గాభరా పడుతున్న మనిషి పక్కన ఎవరైనా కూర్చున్నారా, లేక "కూర్చో, కూర్చో" అని దూరం నుంచి కేకలు వేస్తున్నారా చూడండి. ఒక్కసారి కాదు, రెండుసార్లు వెళ్లండి. రెండోసారి చెప్పకుండా వెళ్లండి.

రాత్రికి ఎంతమంది ఉంటారో అడగండి. "స్టాఫ్ మొత్తం నలభై మంది" అన్నది జవాబు కాదు, అందులో వంటవాళ్లు, డ్రైవర్లు, వాచ్‌మన్ కూడా ఉంటారు. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా ఈ ఫ్లోర్‌లో మేలుకుని ఉండేది ఎంతమంది, వాళ్లలో నర్సు ఉన్నారా, ఎవరైనా పడిపోతే ఏ హాస్పిటల్‌కి, ఎవరి వెంట తీసుకెళ్తారు. ఈ మూడూ తేలాలి.

ఇంకా కొన్ని నేను కళ్లతో చూసేవి చెప్తాను. మంచం పట్టినవారి మడమలు. దుప్పటి కాస్త పక్కకు జరిగినప్పుడు మడమ ఎర్రగా కనిపిస్తే ఆ మనిషిని ఎవరూ పక్కకు తిప్పట్లేదు, పుండు మొదలవబోతోంది. భోజనాల దగ్గర, తినిపించే ఆయా నిలబడి తినిపిస్తోందా, ఎదురుగా కూర్చుని తినిపిస్తోందా. నిలబడి పెడితే పెద్దవాళ్లు తల పైకెత్తి మింగాలి. అప్పుడే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. మంచినీళ్ల గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా. ఆయాలను "ఇక్కడ ఎన్నాళ్ల నుంచి పని చేస్తున్నారమ్మా?" అని మామూలుగా అడగండి. అందరూ రెండు నెలల కిందట చేరినవాళ్లే అయితే ఆలోచించుకోండి. మీ అమ్మగారికి ప్రతి వారం కొత్త మొహాలే.

భాష సంగతి కూడా చూడండి. జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, పుట్టి పెరిగిన భాష మిగులుతుంది. మన నిమ్స్ మెమరీ క్లినిక్‌లో 648 మంది మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. మంచి మాటే. కానీ బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో పని చేసిన పెద్దాయన ఇవాళ "ఉచ్చ వస్తోంది" అని తెలుగులోనే అంటాడు. పక్కనున్న కుర్రాడికి తెలుగు రాకపోతే పక్క తడుస్తుంది. అది జబ్బు వల్ల కాదు, మన ఏర్పాటు లోపం వల్ల.

అపోహ: తప్పు మాట్లాడితే సరిదిద్దాలి. అబద్ధం చెప్తే పాపం.

వాస్తవం: మా దగ్గర ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ ఉండేవారు. రోజూ నాలుగున్నరకల్లా చొక్కా గుండీలు పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసేవారు. "డ్యూటీ టైమైంది, బస్సు తీయాలి." మొదట్లో కొత్త కుర్రాడొకడు "మీరు రిటైరై ఇరవై ఏళ్లయింది తాతగారూ" అని నచ్చజెప్పబోయాడు. ఆయన మొహం చూడాల్సింది. ఉద్యోగం ఆ క్షణమే ఊడినట్టు బిక్కచచ్చిపోయారు, తర్వాత కోపంతో గేటు పట్టుకుని ఊపారు.

మర్నాటి నుంచి మా పెద్ద ఆయా ఇంకోలా చేసింది. పాత తోలు సంచి ఒకటి ఆయన భుజాన వేసి, "సార్, బస్సు ఇంకా డిపోలోనే ఉంది, డ్రైవర్ టీ తాగుతున్నాడు, మనమూ తాగుదాం రండి" అని పక్కన కూర్చోబెట్టింది. ఏ రూటు, కలెక్షన్ ఎంత వచ్చేది అని అడిగేది. ఆయన ఎడమ చేతిలో లేని టికెట్ కట్ట పట్టుకుని కుడి బొటనవేలితో ఒక్కో టికెట్ చింపుతూ స్టాపుల పేర్లు వరసగా చెప్పేవారు. ఒక్కటి కూడా తప్పేది కాదు. ఏడింటికి "రైట్ రైట్" అనుకుంటూ భోజనానికి లేచేవారు. ఆయనకు ఆ సాయంత్రాల్లో మాత్ర వేయాల్సిన అవసరమే రాలేదు.

ఇది మోసం కాదు. ఆయన ఉన్న చోటికి మనం వెళ్లడం. చనిపోయిన భర్త ఏడని అడిగే ఆవిడకు ప్రతిసారీ చావు కబురు చెప్తే ప్రతిసారీ కొత్తగా ఏడుస్తుంది. "ఆయన గురించి చెప్పండమ్మా, పెళ్లెక్కడ జరిగింది?" అంటే నవ్వుతుంది. మీరు చూసే హోమ్‌లో ఇలాంటి మాటలు వినిపిస్తున్నాయేమో చెవి పెట్టండి.

అపోహ: తిరగకుండా గదికి తాళం వేస్తారు, నిద్రపోయేలా మందిస్తారు. అదే సేఫ్.

వాస్తవం: నాకు కోపం వచ్చేది ఈ ఒక్క విషయంలోనే. నేను ఒకచోట చూశాను, పేరు చెప్పను, మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది మంది కుర్చీల్లో తలలు వాల్చేసి ఉన్నారు. ఇద్దరిని దుప్పట్టాతో కుర్చీకి కట్టేశారు. "చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు చూపించినవాళ్లు.

క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే అతి తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. హాలోపెరిడాల్ లాంటి పాతవాటికి 2008లో అదే హెచ్చరిక వర్తింపజేసింది. అసలు వాడకూడదని కాదు. తనకో ఇతరులకో హాని జరిగేలా ఉంటే, డాక్టర్ రాస్తే, తక్కువ మోతాదులో కొన్నాళ్లు వాడాల్సి రావచ్చు. ఇప్పటికే వాడుతుంటే ఇది చదివి మీరే ఆపేయకండి. కానీ కొత్త మందు మొదలుపెట్టే ముందు మీకు ఫోన్ చేస్తారా, మలబద్ధకం, నొప్పి, ఇన్ఫెక్షన్ లాంటివి ముందు చూస్తారా అని అడగండి. నోటితో నొప్పి చెప్పలేని మనిషి చేత్తో కొట్టి చెప్తాడు. హోమ్‌లో దెబ్బలు, నిర్లక్ష్యం కనిపిస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

అపోహ: నెలకు ఇంత అన్నారు, అంతే అవుతుంది.

వాస్తవం: డైపర్లు, మందులు, ఫిజియో, డాక్టర్ విజిట్, స్పెషల్ అటెండెంట్ విడిగా వేసేచోట్లు చాలా ఉన్నాయి. హాస్పిటల్లో ఉన్న రోజులకు కూడా ఫీజు తీసుకుంటారా, జబ్బు ముదిరితే రేటు ఎంత పెరుగుతుంది, మధ్యలో తీసుకెళ్లిపోతే డిపాజిట్ ఎన్నాళ్లకు ఇస్తారు... కాగితం మీద రాయించుకోండి. 70 దాటినవారికి 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు అయిదు లక్షలు హాస్పిటల్ వైద్యానికి, హోమ్ ఫీజుకు కాదు.

అపోహ: నాన్నగారి దగ్గర జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రం) రాయించుకున్నాం, ఇక ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: విదేశాల్లో ఉన్న పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. మన కాంట్రాక్టు చట్టం, 1872లోని 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా ముగుస్తుంది. అమెరికాలో ఉన్నట్టు ఆ తర్వాత కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ మన దగ్గర లేదు. అప్పుడు సంరక్షకుడిగా నియమించమని కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది. కాబట్టి ఆయనకు మనసు స్పష్టంగా ఉన్నప్పుడే బ్యాంకు ఖాతా జాయింట్ చేయించడం, వీలునామా రాయించడం లాయర్‌తో మాట్లాడి పూర్తి చేసుకోండి.

అపోహ: చేర్చాక నెల రోజులు వెళ్లకూడదు. వెళ్తే అలవాటు పడరు.

వాస్తవం: కొన్ని హోమ్‌లే ఇలా చెప్తాయి. నేను ఒప్పుకోను. మొదటి రెండు మూడు వారాలు అన్నం తక్కువ తింటారు, నిద్ర తప్పుతుంది, పడిపోయే ప్రమాదం ఎక్కువ. తెలిసిన మొహం కావాల్సింది అప్పుడే. వెళ్లండి, కాకపోతే సాయంత్రం గాభరా గంటలో కాకుండా ఉదయం పూట. వెళ్లేటప్పుడు "వెళ్తున్నా" అని ఏడవకుండా, భోజనం మొదలవుతుండగా మెల్లగా లేచి రండి. వీలైతే ముందు పది రోజులు ట్రయల్‌గా ఉంచి చూడండి.

కొత్త బట్టలు, కొత్త సూట్‌కేసు వద్దు. ఆవిడ రోజూ కాఫీ తాగిన స్టీలు గ్లాసు, కప్పుకునే పాత దుప్పటి, పూజ గదిలోని చిన్న పటం తీసుకురండి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి: ఇంట్లో ఏమని పిలుస్తారు, ఏ ఊరు, ఏ పని చేసేవారు, కాఫీలో చక్కెర ఎంత, దేనికి భయపడతారు, ఏ మాట అంటే నవ్వుతారు. దాన్ని మంచం పక్కన గోడకు అంటించండి. రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కే అమ్మాయి మీ అమ్మగారిని మొదట తెలుసుకునేది ఆ కాగితంతోనే.