చంద్రగిరి కోట గోడలు: అపోహలు - వాస్తవాలు

చంద్రగిరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాజమహల్, మ్యూజియం చూసుకుని వెళ్లిపోతారు. ఆ మహలును కాచిన రాతి గోడ గురించి ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటారు. వాటిలో కొన్ని మాటలు గోడకే చేటు తెస్తున్నాయి.

అపోహ: ఈ కోట కట్టించింది శ్రీకృష్ణదేవరాయలు.

ఆయన ఏలింది 1509 నుంచి 1529 దాకా. కోట పునాది అంతకు ఎంతో ముందటి యాదవరాయలదని చెబుతారు. సాళువ నరసింహరాయలు చంద్రగిరి నుంచే ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, ఆపైన ఇక్కడికి మారింది. తరతరాల పనిని ఒక్క రాజు ఖాతాలో వేయడం సరికాదు.

అపోహ: సున్నం పెట్టకుండా పేర్చిన గోడకు బలం ఉండదు.

ఇలాంటి గోడ నిలబడేది రాళ్ల బరువు మీద, పేర్పు మీద. బయట ఒక వరస, లోపల ఒక వరస పెద్ద రాళ్లు, నడుమ చిన్న రాళ్లూ మట్టీ కలిపిన కూరుడు ఉంటాయి. రెండు వరసలూ విడిపోకుండా అక్కడక్కడ పొడుగాటి కట్టురాళ్లను గోడ మందంలోకి అడ్డంగా దూర్చేవారు. కింద వెడల్పుగా మొదలై, పైకి పోయేకొద్దీ గోడ లోపలికి వాలుతుంది. రాయికీ రాయికీ మధ్య సందులో చిప్పరాళ్లు బిగించి కదలకుండా చేసేవారు. లోపలికి దిగిన వాన నీళ్లు ఆ సందుల్లోంచే బయటికి కారిపోతాయి.

అపోహ: సందులన్నీ సిమెంటుతో పూడిస్తే గోడ వందేళ్లు ఉంటుంది.

గోడలకు జరిగే నష్టంలో బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే చేసేవాళ్లు మేలు చేస్తున్నామనే అనుకుంటారు. సిమెంటు నీళ్ల దారి మూసేస్తుంది. మన వైపు పెద్ద వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే. అప్పుడు పైనుంచి దిగిన నీళ్లు నడుమ మట్టిలో నిలిచి, అది బరువెక్కి బయటి వరసను తోస్తుంది. మొదట నడుం ఎత్తులో ఉబ్బు కనిపిస్తుంది, కొన్నేళ్లకు ఆ భాగం ఒక్కసారిగా జారుతుంది. రాతి మీద తెల్లటి ఉప్పు పూత, సిమెంటు పక్కన పెళ్లలు ఊడటం ముందే కనిపించే గుర్తులు. సున్నపు కట్టడానికి, అంటే ఇటుక పిట్టగోడ లాంటివాటికి, గానుగ సున్నమే (గానుగలో నూరిన సున్నం) వాడాలి. వరస రాళ్ల మధ్య మాత్రం అదీ అక్కర్లేదు.

ఉబ్బిన చోట మరమ్మతు ఇలా: ముందు ఫొటోలు తీసి, ప్రతి రాయికీ సుద్దతో నంబరు వేస్తారు. పైనుంచి ఒక్కో వరసే దించి, కుళ్లిన కూరుడు తీసి, కొత్తది కొంచెం కొంచెంగా దిమ్మిస కొట్టి నింపుతారు. తర్వాత అవే రాళ్లను అవే చోట్లలో కూర్చోబెడతారు. ఉబ్బు పెరుగుతోందో లేదో తేల్చుకోవడానికి నెలనెలా ఒకే చోట తాడుకు కట్టిన తూకం గుండు వేలాడదీసి, తాడుకూ గోడకూ మధ్య దూరం రాసుకుంటే చాలు.

అపోహ: గోడ మీద మొలిచిన రావి మొక్కను పీకేస్తే సరి.

వేలెడంత మొక్కైతే తడి ఉన్నప్పుడు వేరుతో సహా లాగొచ్చు. కాండం మణికట్టంత అయితే లాగొద్దు, వేరుతో పాటు రాయీ వస్తుంది. మొదలంటా నరికి, మోడు మళ్లీ చిగురించకుండా మందు పూసి, వేరు ఎండాక ఖాళీని నింపాలి.

అపోహ: గోడల కింద గుప్తనిధులున్నాయి.

గోడ పాదం దగ్గర తవ్వితే బయటి వరసకు ఆనుడు పోతుంది, వానకు ఆ భాగం కూర్చుంటుంది. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. దొరికినది పది రూపాయల విలువ దాటితే 1878 నాటి చట్టం కింద కలెక్టరుకు చెప్పి తీరాలి. పారతో తవ్విన గుంట గోడ పక్కన కొత్తగా కనిపిస్తే వెంటనే కోట సిబ్బందికి చెప్పండి.